ఫాస్ట్ మీడియం బౌలర్ ఎన్నేళ్లు ఆడగలడు? నాగర్‌కర్నూలు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు

మీరు రాసిన సంగతులు ఇవి. మీ అబ్బాయికి 17 ఏళ్లు, నాగర్‌కర్నూలులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, కుడిచేతి ఫాస్ట్ మీడియం బౌలర్ (అసలు ఫాస్ట్ బౌలర్ కంటే కాస్త తక్కువ వేగంతో వేసేవాడు), ఈ ఏడు జిల్లా అండర్-19 జట్టులోకి తీసుకున్నారు. చదువు పక్కనపెట్టి హైదరాబాద్ వెళ్లి ఏదైనా క్లబ్బులో చేరతానని పట్టుబడుతున్నాడు. ఇటువంటి బౌలర్ వృత్తిగా ఎన్నేళ్లు ఆడగలడు, ఆ తర్వాత వాడి బతుకేమిటి అన్నది మీ ప్రశ్న. చివర ఒక్క వాక్యంలో, మ్యాచ్ ఆడిన మర్నాడు నడుముకు ఎడమవైపు నొప్పి అంటున్నాడని, బామ్ రాస్తే తగ్గుతోందని కూడా రాశారు. నేను ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఎన్నేళ్లు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది.

నేను మహబూబ్‌నగర్‌వాణ్ణి. 1990ల చివరి నుంచి హైదరాబాద్ లీగులో ఆరు సీజన్లు ఇదే రకం బౌలింగ్ వేసి, రంజీ ప్రాబబుల్స్ (జట్టు ఎంపికకు పరిశీలించే ఆటగాళ్లు) జాబితాలో రెండుసార్లు నా పేరు చూసుకుని, 24వ ఏట ఆట ఆపేసినవాణ్ణి. గత 20 ఏళ్లుగా ఇక్కడే పిల్లలకు బౌలింగ్ నేర్పుతున్నాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత చదివి తెలుసుకున్నది, కొంత నా నడుముతో తెలుసుకున్నది.

కుడిచేతి పేసర్‌కు, అంటే వేగంగా వేసే బౌలర్‌కు, నడుము ఎడమవైపు నొప్పి వస్తే, ఎడమచేతి పేసర్‌కు కుడివైపు వస్తే, దాన్ని ‘కండ పట్టింది’ అని ఊరుకోకూడదు. బంతి వదలడానికి ముందు ఎడమకాలు క్రీజులో నేలను తాకే క్షణాన ఆ కాలి మీద పడే దెబ్బ శరీర బరువుకు సుమారు ఐదు రెట్లు ఉంటుంది. 65 కిలోల కుర్రవాడికి అది 325 కిలోలు, అంటే వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా మీద పెట్టే 40 కిలోల బస్తాలు ఎనిమిది. ఆ ఎనిమిది బస్తాలు ఒక్క కాలి మీద పడుతున్న క్షణంలోనే బౌలర్ నడుము వెనక్కి వంగి ఉంటుంది, పక్కకు ఒరిగి ఉంటుంది, మెలి కూడా తిరుగుతూ ఉంటుంది. ఈ మూడు కదలికలు కలిసి నడుము కింది వెన్నుపూసల్లో, ముఖ్యంగా నాలుగు, ఐదు పూసల్లో, బంతి వేసే చేతికి ఎదురుపక్కన ఉండే సన్నని ఎముక వంతెనను నొక్కుతాయి. ఇనుప తీగను అదే చోట మళ్లీ మళ్లీ వంచితే ఏమవుతుందో అక్కడ అదే అవుతుంది. ముందు ఎముక లోపల వాపు, తర్వాత వెంట్రుకంత పగులు, ఇంకా వేస్తూ పోతే పూర్తిగా విరగడం. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఆస్ట్రేలియా పేసర్ డెన్నిస్ లిల్లీని 1973లో ఆటకు దూరం చేసింది ఇదే. జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో వెన్నులో పగులు తేలింది, 2022లో నొప్పి మళ్లీ తిరగబెట్టి, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స దాకా వెళ్లింది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. మీవాణ్ణి ఎడమకాలి మీద ఒంటికాలితో నిలబెట్టి, పడిపోకుండా భుజం పట్టుకుని, మెల్లగా వెనక్కి వంగమనండి. ఎడమవైపు, వేలు పెట్టి చూపించగలిగే ఒకే చోట నొప్పి కలుక్కుమంటే, ఆ రోజు నుంచే బంతి పట్టనివ్వకండి, వెన్ను ఎమ్మారై తీయించండి. కలుక్కుమనకపోయినా, మ్యాచ్ మర్నాడు నొప్పి వస్తోంది కనుక వైద్యుడికి చూపించి ఎమ్మారై తీయించవలసిందే. ఎక్స్‌రేతో తృప్తిపడకండి, ఎందుకంటే మొదటి దశ ఎక్స్‌రేలో కనిపించదు. నా విషయంలో జరిగింది అదే. 23 ఏళ్లప్పుడు ఒక వైద్యుడు ఎక్స్‌రే చూసి, ఎముక బాగానే ఉందని, కండరం పట్టిందని చెప్పి, నొప్పి తగ్గే సూది వేసి పంపించాడు. సూది వేసిన మూడో రోజున నేను 19 ఓవర్లు వేశాను. నొప్పి తెలియలేదు కనుక ఇంకొంచెం గట్టిగానే వేశాను. పదకొండు వారాల తర్వాత ఒక ఉదయం చెప్పులు తొడుక్కోవడానికి వంగి మళ్లీ లేవలేకపోయాను. అప్పుడు తీసిన స్కానింగులో పగులు ఒకవైపు పూర్తయి, రెండో వైపు మొదలై ఉంది.

వాపు దశలోనే పట్టుకుంటే మూడు నాలుగు నెలలు బౌలింగ్ మానేసి, నడుము, పొట్ట, పిరుదుల కండరాలను బలపరచుకుని, మెల్లగా మళ్లీ మొదలుపెట్టవచ్చు. పూర్తి పగులైతే ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. 17 ఏళ్లవాడికి తొమ్మిది నెలలు పోవడం పెద్ద నష్టం కాదు. వాడికి అలా అనిపించదు, తోటివాళ్లు ఆడుతుంటే కట్ట మీద కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ ఆ మాట వాడికి చెప్పవలసింది మీరే.

ఇక ఎన్నేళ్లు అన్న ప్రశ్న. పేసర్ ఆయుష్షును ఏళ్లతో కాక, వేసిన బంతులతో లెక్కపెట్టాలన్నది నా అభిప్రాయం. మన దగ్గర ఆ లెక్క వృత్తి మొదలయ్యే ముందే సగం ఖర్చయిపోతోంది. ఒక వారం తీసుకోండి. ఐదు రోజులు నెట్స్‌లో రోజుకు 60 బంతుల చొప్పున 300, శని ఆదివారాల్లో రెండు మ్యాచ్‌లలో 15 ఓవర్ల చొప్పున 180, మొత్తం 480 బంతులు. ఇందులో ఊరి టోర్నమెంట్లు కలపలేదు. సంక్రాంతికీ, దసరాకూ, మే నెల ఎండల్లోనూ, ఒకే ఆదివారం మూడు మ్యాచ్‌లు ఆడే టోర్నమెంట్లు మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎన్ని జరుగుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కాస్త వేగంగా వేసే కుర్రవాడు జట్టులో ఒక్కడే ఉంటాడు, మ్యాచ్ బిగుసుకున్నప్పుడల్లా కెప్టెన్ వాడి దగ్గరికే వచ్చి ‘ఇంకొక్క ఓవరు ఎయ్ తమ్మీ’ అంటాడు. ఆ ఒక్క ఓవరు నాలుగు ఓవర్లవుతుంది. ఇంగ్లండ్ బోర్డు 15 ఏళ్లలోపు పేసర్‌కు ఒక స్పెల్లో (ఒక విడతలో) 6 ఓవర్లు, రోజు మొత్తంలో 12 ఓవర్లు దాటకూడదని హద్దు పెట్టుకుంది. మన జిల్లా మైదానాల్లో 14 ఏళ్లవాడు ఒకే రోజు ఇరవై ఓవర్లు వేయడం నేను కళ్లారా చూశాను, ఆ సాయంత్రం అందరూ వాడి భుజం తట్టడమూ చూశాను. భుజం తట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి నా కోచింగ్‌కు రెండేళ్లే, తెలివి ఇంకా రాలేదు.

దానికి తోడు సిమెంటు పిచ్ మీద పరిచిన మ్యాట్. మెత్తని టర్ఫ్ (మట్టి పిచ్) క్రీజులో బూటు మేకులు దిగి నేల కొంత దెబ్బ తాగుతుంది, సిమెంటు ఏమీ తాగదు, మొత్తం దెబ్బ మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకు ఎక్కుతుంది. ఎముక పూర్తిగా ముదిరేది ఇరవై దాటి కొన్నేళ్లు గడిచాకే. ఎముక లేతగా ఉన్న వయసులోనే మనం దానిమీద ఎక్కువ బరువు వేస్తున్నాం.

ఆస్ట్రేలియా పేసర్ ప్యాట్ కమిన్స్ సంగతి మీవాడికి చెప్పండి. 2011 నవంబరులో జొహానెస్‌బర్గ్‌లో 18వ ఏట తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 79 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. రెండో టెస్టు ఎప్పుడు ఆడాడో తెలుసా? 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో ఐదేళ్లకు పైగా వెన్ను, ఇతర గాయాలతోనే గడిచింది. అంత వసతి, అంతమంది ఫిజియోలు ఉన్న దేశంలోనే ఒక లేత నడుము నిలబడడానికి అంత కాలం పట్టింది.

ఇటువైపు మన మహమ్మద్ సిరాజ్ ఉన్నాడు. లెదర్ బంతితో పద్ధతిగా ఆడడం ఆలస్యంగా మొదలుపెట్టి, 2015-16లో రంజీలో అడుగుపెట్టి, మరుసటి సీజన్లో 41 వికెట్లు తీశాడు. 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, చివరి రోజున ఓవల్‌లో భారత్ 6 పరుగులతో గెలిచేలా ఆఖరి వికెట్ కూడా తనే తీశాడు. అంటే ఒక్క సిరీస్‌లో 1,113 బంతులు. జట్లు మిగతా పిల్లల చేత మోయించే బరువు చిన్నప్పుడు తను మోయకపోవడం కూడా ఆ శరీరానికి కలిసొచ్చిందని నేను నమ్ముతాను. ఇది కోచ్‌గా నా నమ్మకం, వైద్యుడి మాట కాదు.

సాధారణ బౌలర్ సంగతికి వస్తాను. 20, 21 ఏళ్లకు రాష్ట్ర జట్టు గుమ్మం తొక్కినవాడు 28, 29 దాకా నిలబడితే మంచి బతుకు బతికినట్టే. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నాలుగైదు సీజన్లతో ఆగిపోయారు. గాయం ఒక్కటే కారణం కాదు. ఫాస్ట్ మీడియం అనే మాటలోనే ఒక ప్రమాదం ఉంది. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వేసేవాడు గాయం తర్వాత 8 కిలోమీటర్లు కోల్పోయినా 137 దగ్గర ఉంటాడు, బ్యాట్స్‌మన్‌కు ఇంకా ఇబ్బందే. 132తో వేసేవాడు అదే 8 కోల్పోతే 124కు దిగుతాడు. బంతి స్వింగ్ కాకపోతే, అంటే గాలిలో వంపు తిరగకపోతే, ఆ వేగానికి రంజీ స్థాయి బ్యాట్స్‌మన్ ముందుకాలు వేసి, తీరిగ్గా కవర్స్ మీదుగా కొడతాడు. మన బౌలర్ వేగానికి, పనికిరానితనానికి మధ్య దూరం అంత తక్కువ. ఇర్ఫాన్ పఠాన్ 19వ ఏట టెస్టుల్లోకి వచ్చి, 29 టెస్టుల్లో సరిగ్గా 100 వికెట్లు తీసి, 23వ ఏట చివరి టెస్టు ఆడేశాడు. ప్రవీణ్ కుమార్ ఆడిన 6 టెస్టులూ 2011 ఒక్క ఏడాదిలోనివే, తీసినవి 27 వికెట్లు. తక్కువ వేగంతో ఇంగ్లండ్‌లో అంత చక్కగా బంతిని స్వింగ్ చేసినవాడికి కూడా మళ్లీ టెస్టు దక్కలేదు. మన హైదరాబాద్ పేసర్ దేవరాజ్ గోవిందరాజ్ 1971లో వెస్టిండీస్‌కూ, ఇంగ్లండ్‌కూ వెళ్లాడు, రెండు సిరీస్‌లూ మనం గెలిచాం, ఆయనకు మాత్రం ఒక్క టెస్టు కూడా రాలేదు. స్పిన్నర్లకు బంతి మెరుపు పోగొట్టి ఇవ్వడమే పేసర్ పనిగా ఉన్న రోజులవి.

మరి నిలబడేవాళ్లు ఎలా నిలబడుతున్నారు అంటారా? వేగం పోకముందే వేగం మీద ఆధారపడడం మానుకున్నవాళ్లు నిలబడుతున్నారు. సన్‌రైజర్స్‌కు ఆడిన భువనేశ్వర్ కుమార్‌ను మన ఉప్పల్ ప్రేక్షకులు ఏళ్ల తరబడి చూశారు. టెస్టులు 21తో ఆగిపోయినా, 2016, 2017 ఐపీఎల్‌లలో వరుసగా అందరికంటే ఎక్కువ వికెట్లు తీసింది ఆయనే. ఆయన మణికట్టు, బంతి వదిలేటప్పుడు నిటారుగా నిలిచే సీమ్ (బంతి మీది కుట్టు), ఈ రెండే ఆయన ఆస్తి. మీవాడు బంతిని ఎలా వదులుతున్నాడో చూడాలంటే పాత బంతికి సీమ్ పొడవునా సున్నంతో ఒక గీత గీసి వేయించండి. గాలిలో గీత గీతగానే కనిపిస్తే మణికట్టు బాగున్నట్టు, తెల్లగా చెదిరి కనిపిస్తే సీమ్ ఊగుతున్నట్టు. నేను కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ మొదటి వారం చేయించేది ఇదే.

యాక్షన్, అంటే బంతి వేసే తీరు గురించి ఒక మాట. ఫోన్‌ను బౌలర్ వెనక, నడుము ఎత్తులో పెట్టి తీయండి. వెనకకాలు నేల తాకే క్షణం దగ్గర వీడియో ఆపి, తుంటి ఎటు చూస్తోంది, భుజాలు ఎటు చూస్తున్నాయి గమనించండి. రెండూ పక్కకే తిరిగి ఉన్నా, రెండూ ముందుకే ఉన్నా ఫరవాలేదు. తుంటి ఒకవైపు, భుజాలు ఇంకోవైపు ఉంటే దాన్ని మిశ్రమ యాక్షన్ అంటారు, నడుమును బట్ట పిండినట్టు పిండేది అదే. అలా ఉంటే సరిచేయవలసిందే, కానీ ఓపిక ఉన్న కోచ్ దగ్గర, సీజన్ లేని నెలల్లో. కేవలం చూడడానికి వంకరగా ఉందని మాత్రం మార్చనివ్వకండి. ఇంగ్లండ్ పేసర్ జేమ్స్ ఆండర్సన్ యాక్షన్‌ను బాగుచేస్తామని మార్చారు, 2006లో ఆయనకు వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. పాత యాక్షన్‌కు తిరిగివెళ్లాక 2024 దాకా, 41 ఏళ్లు వచ్చేదాకా టెస్టులు ఆడి 704 వికెట్లు తీశాడు.

డబ్బు విషయం మీరు నేరుగా అడగలేదు గానీ మీ ప్రశ్న వెనక అది ఉంది. 2021లో భారత క్రికెట్ బోర్డు పెంచిన లెక్క ప్రకారం సీనియర్ జట్టులో 20 మ్యాచ్‌లలోపు ఆడినవాడికి మ్యాచ్ రోజుకు 40,000 రూపాయలు, 21 నుంచి 40 దాకా ఆడినవాడికి 50,000, అంతకు మించి ఆడినవాడికి 60,000. అండర్-23లో రోజుకు 25,000, అండర్-19లో 20,000. రంజీ లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు కనుక కొత్తవాడికి మ్యాచ్‌కు 1,60,000 వస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ తుది పదకొండు మందిలో లేనివాడికి అందులో సగమే, జాబితాలో లేనివాడికి అసలేమీ లేదు, నడుము నొప్పితో ఇంట్లో ఉన్నవాడు జాబితాలో ఉండడు. రాష్ట్ర జట్టు అంటే ఏటా ఆడించే పేసర్లు ముగ్గురు నలుగురు. సిరాజ్‌కు 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు వచ్చిన మాట నిజమే, దాన్ని చూసి మీ ఇంటి లెక్క వేయకండి. క్లబ్బు ఇచ్చే డబ్బు మా రోజుల్లో కాచిగూడ రైలు ఖర్చుకూ, బూట్లకూ సరిపోయేది. పేసర్‌కు ముందుకాలి బూటు త్వరగా అరుగుతుంది, నేను ఎడమ బూటు బొటనవేలి దగ్గర తోలు ముక్క కుట్టించి రెండో సీజన్ లాగేవాణ్ణి.

చదువు మానడం గురించి నా మాట సూటిగా చెబుతాను: మాన్పించకండి. ఆటకు చదువు అడ్డం అని మీవాడు అనుకుంటున్నాడు, నిజానికి మన జిల్లాల పిల్లలకు చదువే ఇంకో దారి తెరుస్తుంది. డిగ్రీలో చేరితే మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లవచ్చు, నల్లగొండ వైపు పిల్లలకు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉన్నట్టే. జిల్లా జట్టులో చోటు పోయిన ఏడు కూడా ఆ దారి మూసుకుపోదు. ఇక ఉద్యోగం. రైల్వే క్రీడా కోటా నియామకాల్లో వయసు 18 నుంచి 25 లోపే, పదో తరగతివాడికి ఒక మెట్టు, ఇంటర్‌వాడికి ఒక మెట్టు, డిగ్రీ ఉన్నవాడికి ఇంకో మెట్టు. బౌలర్ బాగా ఆడే ఏళ్లూ ఆ కోటా ఏళ్లూ ఒకటే. రంజీ వచ్చాక ఉద్యోగం చూసుకుందాం అనుకున్నవాడు 26వ ఏట నడుము పట్టుకుని, డిగ్రీ లేకుండా, వయసు దాటి నిలబడతాడు. నాతోపాటు కొత్త బంతి పంచుకున్న ఒకతను సరిగ్గా అలాగే నిలబడ్డాడు. నాకంటే వేగం, నాకంటే మంచి అవుట్‌స్వింగర్ అతనిది. నాకు 22వ ఏట కోటాలో ఉద్యోగం దొరికింది కాబట్టి ఈ రోజు తీరిగ్గా కూర్చుని మీకు ఇది రాస్తున్నాను.

హైదరాబాద్ వెళ్లవద్దని నేను అనడం లేదు. లీగులో ఆడకుండా ఎవరి కంటా పడడం కష్టం, మంచి టర్ఫ్ వికెట్ల మీద మంచి బ్యాట్స్‌మెన్‌కు వేయకుండా పేసర్ ఎదగడు. కానీ వచ్చే వేసవిదాకా ఆగవచ్చు. అప్పటికి ఇంటర్ పరీక్షలు అయిపోతాయి, నడుము సంగతి తేలుతుంది. వెళ్లినా, వారానికి ఎన్ని బంతులు వేశాడో రాసుకునే ఒక చిన్న నోటుపుస్తకం వాడి సంచిలో ఉండాలి. నెట్స్‌లో వేసినవి, మ్యాచ్‌లో వేసినవి, ఊరి టోర్నమెంటులో కాస్కో బంతితో వేసినవి, అన్నీ. ఏ వారం లెక్కా కిందటి నాలుగు వారాల సగటును మించి ఒక్కసారిగా పెరగకుండా చూసుకోవాలి. సెలవులకు ఇంటికి వచ్చి పది రోజులు ఖాళీగా ఉండి, తిరిగి వెళ్లిన మొదటి రోజే ఇరవై ఓవర్లు వేయడం అన్నింటికంటే చెడ్డది.

ముందు ఎమ్మారై తీయించండి. పరీక్షకు వెళ్లేటప్పుడు అబ్బాయి పేస్ బౌలర్ అనీ, కుడిచేతితో వేస్తాడనీ, నొప్పి ఎడమవైపు అనీ వైద్యుడికి నోరు తెరిచి చెప్పండి. ఆ మూడు మాటలు చెప్పకపోతే కింది పూసల వెనక భాగాన్ని ప్రత్యేకంగా చూడాలని ఎవరికీ తోచకపోవచ్చు. రిపోర్టులో నాలుగు, ఐదు పూసల దగ్గర ఏమి రాశారో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నాకు రాసి పంపండి, దాన్నిబట్టి మళ్లీ బంతి ఎప్పుడు పట్టించాలో, మొదటి వారం ఎన్ని బంతులతో మొదలుపెట్టాలో చెబుతాను. అప్పటిదాకా వాణ్ణి మైదానానికి వెళ్లనివ్వండి, స్కోరు రాయమనండి, కానీ కెప్టెన్ ఎంత బతిమాలినా ఒక్క ఓవరు కూడా వేయనివ్వకండి.